మూసిన క్లబ్బు తలుపు: ‘బర్మీస్ డేస్’ నవలలో వలస సమాజం

పైబర్మాలో ఒక చిన్న ఊరు. ఏప్రిల్ నెల. ఐరావతి ఒడ్డున ఉన్న తెల్లవాళ్ళ క్లబ్బులో, పొద్దు నడినెత్తికి రాకముందే నలుగురైదుగురు దొరలు మద్యం గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఎల్లిస్ అనేవాడు బట్లరును పిలిచి ఐసు ఎంత మిగిలిందని అడుగుతాడు. ఆ బట్లరు ద్రావిడుడని రచయిత చెబుతాడు. అంటే మన దక్షిణాది నుంచి సముద్రం దాటి వెళ్ళినవాడో, అలా వెళ్ళినవాళ్ళ బిడ్డో. ఇరవై పౌన్ల ఐసు ఉందనీ, అది ఈ ఒక్క రోజుకే వస్తుందనీ, ఈ ఎండల్లో ఐసును నిలిపి ఉంచడం తనకు చాలా కష్టంగా ఉందనీ అతను వినయంగా, శుభ్రమైన ఇంగ్లీషులో జవాబిస్తాడు. ఎల్లిస్‌కు ఒళ్ళు మండుతుంది. ఐసు తరిగిపోయిందన్న బాధ అతనికి లేదు. నౌకరు తప్పు లేకుండా ఇంగ్లీషు మాట్లాడాడన్నదే అతని కోపం. నిఘంటువు మింగావా అని తిట్టి, నౌకరన్నవాడు ఎలాంటి ముక్కల ఇంగ్లీషు మాట్లాడాలో తానే పలికి చూపిస్తాడు. వీడికి ఇంగ్లీషు మరీ బాగా వచ్చేస్తే పనిలోంచి తీసెయ్యాల్సిందేనని పక్కవాళ్ళతో అంటాడు.

జార్జ్ ఆర్వెల్ తొలి నవల ‘బర్మీస్ డేస్’లో ఒక పేజీ కూడా పట్టని సన్నివేశమిది. నవల సారాంశం అడిగినవాళ్ళకు నేను కథ చెప్పడానికి ముందు దీన్నే చెబుతాను. మీకు చదువు చెప్పి, నాగరికత నేర్పి, పైకి తేవడానికే వచ్చామని చెప్పుకున్న పాలన, ఆ చదువు వంటబట్టిన మనిషి ఎదురుగా నిలబడగానే ఎందుకు భయపడింది? పైకి చెప్పే కారణానికీ లోపల నడిచే వ్యవహారానికీ మధ్య ఉన్న ఈ దూరమే నవలకు వస్తువు. ఆ దూరం సంగతి అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనకూడదు. ఆ మౌనం మనుషులను ఎలా కుళ్ళబెడుతుందో చూపించడానికే ఆర్వెల్ ఇంత చీకటి కథ రాశాడు.

రచయితకు ఈ లోకం పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. 1903లో బీహారులోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. తల్లి బర్మాలోని మౌల్మేన్‌లో కలప వ్యాపారం చేసిన కుటుంబంలో పెరిగింది. 1922లో అతను ఇంపీరియల్ పోలీసు సర్వీసులో చేరి బర్మా వెళ్ళాడు. అయిదేళ్ళు పనిచేసి, 1927లో సెలవు మీద ఇంగ్లండు చేరి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. చివరి మజిలీ కాథా అనే ఊరు. నవలలోని చౌక్తాడా ఆ కాథాయే. పోలికలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, పరువునష్టం దావాలు పడతాయన్న భయంతో లండన్ ప్రచురణకర్తలు మొదట వెనకాడారు. పుస్తకం 1934లో న్యూయార్క్‌లో వెలువడింది. 1935లో ఇంగ్లండులో అచ్చయినప్పుడు కొన్ని పేర్లు మార్చవలసి వచ్చింది. అప్పుడు నవలలోని భారతీయ వైద్యుడు డాక్టర్ వీరాస్వామి పేరు ‘మూర్ఖస్వామి’ అయింది! మన భాషలో ఆ మాటకు ఏ అర్థం ధ్వనిస్తుందో పుస్తకం అచ్చువేసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. తర్వాతి ముద్రణలో అసలు పేర్లు తిరిగివచ్చాయి.

చౌక్తాడా జనాభా నాలుగు వేలు. అందులో రెండు వందల మంది భారతీయులు, కొద్దిమంది చీనావాళ్ళు, ఏడుగురు తెల్లవాళ్ళు. ఆ ఊరిని జిల్లా కేంద్రంగా చేశాక అక్కడికి వచ్చిన అభివృద్ధి ఏమిటంటే కచేరీలు, వాటి చుట్టూ మూగే వకీళ్ళు, ఒక ఆసుపత్రి, ఒక బడి, ఒక పెద్ద జైలు. జిబ్రాల్టర్ నుంచి హాంకాంగ్ దాకా ఇంగ్లీషువాళ్ళు ఎక్కడికి వెళితే అక్కడ కట్టిన పటిష్ఠమైన జైళ్ళలో ఇదొకటని ఆర్వెల్ రాస్తాడు. ఆ జైలుకు పర్యవేక్షకుడు కూడా డాక్టర్ వీరాస్వామే అన్నది గుర్తుంచుకోవలసిన వివరం.

ఊరికి అసలు కేంద్రం కచేరీ కాదు, క్లబ్బు. చూడబోతే అదేమీ రాజభవనం కాదు: టేకు గోడలతో, మట్టినూనె వాసన కొట్టే నాలుగు గదులు, బూజుపట్టిన అయిదు వందల నవలలు, పాతబడిన బిలియర్డ్స్ బల్ల, పైన పంకా. అయినా బ్రిటిష్ ప్రభుత్వం నిజంగా కొలువున్న చోటు అదేననీ, స్వదేశీ అధికారులూ ధనికులూ అందులో అడుగుపెట్టడమే మోక్షంగా భావించి అలమటిస్తారనీ రచయిత అంటాడు. చౌక్తాడా క్లబ్బుకు ఇంకో ఘనత ఉంది. అందులో ఇంతవరకూ ఒక్క ఆసియావాసికీ సభ్యత్వం ఇవ్వలేదు. 1923లో బర్మాకు ద్వంద్వ పాలన (కొన్ని శాఖలను స్వదేశీ మంత్రులకు అప్పగించే ఏర్పాటు) వచ్చాక కాలం మారుతోంది. కనీసం ఒక్క స్వదేశీయుణ్ణయినా చేర్చుకోమని పైఅధికారుల నుంచి సూచన అందుతుంది. నవల ఇరుసంతా ఈ ఒక్క ఖాళీ మీదే తిరుగుతుంది. నాలుగు గదుల క్లబ్బులో ఒక కుర్చీ కోసం ఒక ఊళ్ళో కుట్రలు, దొంగ తిరుగుబాటు, హత్య, ఆత్మహత్య జరిగిపోతాయి. కొందరు విమర్శకులకు ఇది అతిగా తోచవచ్చు. నాకు మాత్రం వలస సమాజాన్ని ఇంతకన్నా సూటిగా చూపించే కొలబద్ద దొరకదనిపిస్తుంది. ఎందుకంటే అధికారం అక్కడ చట్టంలో కన్నా ఎవరు ఎవరి పక్కన కూర్చోవచ్చు అన్నదాంట్లో ఎక్కువగా ఉంటుంది. ఈ మాట మన ఊళ్ళలో గడప దాటనివ్వని ఇళ్ళనూ, వేరుగా పెట్టిన గ్లాసులనూ ఎరిగిన తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కరలేదు.

కథానాయకుడు జాన్ ఫ్లోరీ ముప్ఫై అయిదేళ్ళ కలప వ్యాపారి. ఎడమ చెంప మీద, కంటి దగ్గర నుంచి నోటి మూల దాకా, నెలవంకలా పెద్ద ముదురు నీలం పుట్టుమచ్చ. ఎవరితో మాట్లాడుతున్నా ఆ చెంప కనపడకుండా పక్కకు తిరగడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. నెలలో ఎక్కువ రోజులు అడవిలో టేకు నరికించే శిబిరంలో ఉంటాడు; ఊళ్ళోకి వచ్చినప్పుడు క్లబ్బులో తాగుతాడు; అక్కడి మాటలు భరించలేనప్పుడు లేచి వీరాస్వామి ఇంటికి వెళతాడు. నవలలో అత్యంత సారవంతమైన పుటలు ఆ ఇంటి వరండాలో నడిచే సంభాషణలే.

అక్కడ పాత్రలు తారుమారవుతాయి. ఇంగ్లీషువాడు సామ్రాజ్యాన్ని దుయ్యబడతాడు. భారతీయుడు దాన్ని నెత్తిన పెట్టుకుని సమర్థిస్తాడు. మేం మిమ్మల్ని దోచుకోవడానికి వచ్చి ఉద్ధరించడానికి వచ్చామని అబద్ధం చెబుతున్నాం, ఆ అబద్ధంలోనే బతుకుతూ కుళ్ళిపోతున్నాం అంటాడు ఫ్లోరీ. అధికారి బర్మావాణ్ణి కదలకుండా పట్టుకుంటే వ్యాపారి వాడి జేబులు వెతుకుతాడు, అంతే కదా మన ప్రభుత్వం అని లెక్క చెబుతాడు. డాక్టరుకు ఆ మాటలు దైవదూషణలా వినిపిస్తాయి. రోడ్లు, రైళ్ళు, ఓడలు, ఆసుపత్రులు, శాంతిభద్రతలు అని ఒక్కొక్కటీ ఏకరువు పెడతాడు. మీరు లేకపోతే మేం ప్రాచ్యులం ఏమైపోయేవాళ్ళం అంటాడు. తన జాతిని తానే చిన్నబుచ్చుకునే ఆ మాటల్లో వేషం లేదు. డాక్టరు మంచివాడు, చదువుకున్నవాడు, రోగుల పట్ల శ్రద్ధ ఉన్నవాడు. పాలకుల మాటను పాలకులకన్నా గాఢంగా నమ్మినవాడు అతనొక్కడే. క్లబ్బులో ఉన్న ఏడుగురిలో ఒక్కడికీ అంత నమ్మకం లేదు.

ఆ వాదనలో ఫ్లోరీ ఒక మాట అంటాడు: 1840 ప్రాంతాల్లో హిందూదేశంలో సముద్రం మీద నడిచే ఓడలు కట్టేవారు, వాటిని నడిపేవారు కూడా ఇక్కడివాళ్ళే, ఇప్పుడు ఒక గట్టి చేపల పడవ కట్టే పనితనం కూడా మిగల్లేదు. ఈ వాక్యం దగ్గర తెలుగు పాఠకుడు ఆగవలసి ఉంటుంది. కాకినాడ పక్కన గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరున్న రేవు. 1839 తుపాను దాన్ని దెబ్బతీసింది. ఇసుక మేటలూ దానికి తోడయ్యాయి. కాబట్టి తప్పంతా పాలకుల నెత్తిన వెయ్యడం న్యాయం కాదు. కానీ ఆ పేరు తర్వాత ఎక్కడ మిగిలిందో చూడండి. బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడి దొరలు ‘కోరంగీలు’ అని పిలిచారు. ఓడలు కట్టిన ఊరి పేరు, ఓడల్లో బరువులు మోసిన కూలీల పేరయింది. ఫ్లోరీ వాదనకు ఇంతకు మించిన ఉదాహరణ అతనికే తెలియదు.

ఇక ఊ పో చిన్. నవల అతనితోనే మొదలవుతుంది. యాభై ఆరేళ్ళ సబ్-డివిజనల్ మేజిస్ట్రేటు, భారీకాయుడు. 1885లో బ్రిటిష్ సేన మాండలేలోకి కవాతు చేస్తూ వచ్చినప్పుడు అతను చిన్నపిల్లవాడు. ఆ ఎర్రకోట్ల బలిష్ఠులను చూసి భయంతో పారిపోయాడు. మనవాళ్ళు వీళ్ళకు సరిజోడు కారని ఆ వయసులోనే గ్రహించాడు. వాళ్ళ పక్షాన చేరి, వాళ్ళను పట్టుకుని బతకడమే తన ఆశయం చేసుకున్నాడు. లంచాల విషయంలో అతని పద్ధతి గమనించదగింది: ఇరుపక్షాల దగ్గరా డబ్బు తీసుకుంటాడు, తర్వాత తీర్పు మాత్రం అచ్చంగా చట్టప్రకారం ఇస్తాడు. దానితో నిష్పక్షపాతి అన్న పేరు కూడా వస్తుంది. క్లబ్బులోని కుర్చీ తనకు దక్కాలంటే వీరాస్వామి పరువు తియ్యాలి. అందుకు ఆకాశరామన్న ఉత్తరాలు రాయిస్తాడు. తానే రహస్యంగా ఒక పల్లెలో తిరుగుబాటు పుట్టించి, తానే దాన్ని అణచి, ఆ ఘనత తన ఖాతాలో వేసుకుంటాడు. చాలామంది పాఠకులు ఇతనిలో దేశీయుల అవినీతిని చూస్తారు. బర్మావాణ్ణి ఇంత దుర్మార్గుడిగా చిత్రించాడని ఆర్వెల్‌ను తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ ఊ పో చిన్ చేసేదంతా పాలనా యంత్రం నేర్పిన విద్యే. కాగితం మీద సక్రమంగా ఉంటే చాలునన్న నీతి, విధేయతకు బహుమతి, తెల్లవాడి మాటకు తిరుగులేదన్న సూత్రం, వీటిని ఆకళింపు చేసుకున్న ఉత్తమ విద్యార్థి అతను. డాక్టరు పాలకుల మాటలను నమ్మాడు. ఊ పో చిన్ వాళ్ళ చేతలను చూసి నేర్చుకున్నాడు. ఇద్దరిలో ఎవరు నెగ్గుతారో ఊహించడం కష్టం కాదు.

నవలలో అసలైన నేరం మాత్రం ఫ్లోరీది. స్వదేశీయుణ్ణి చేర్చుకోరాదంటూ క్లబ్బులో ఒక నోటీసు తయారైనప్పుడు, డాక్టరు వరండాలో సామ్రాజ్యాన్ని చీల్చి చెండాడిన ఈ మనిషే దాని మీద సంతకం పెడతాడు. ఎవరూ అతని గొంతు మీద కత్తి పెట్టలేదు. కాదంటే క్లబ్బులో ఒక రాత్రి గొడవ జరుగుతుంది. ఆ గొడవ పడే చిన్న ధైర్యం లేక పెట్టాడు. ఇక్కడే ఆర్వెల్ తెల్లవాడి బతుకు మీద తన తీర్పు చెబుతాడు: ఆ లోకంలో తాగుబోతుగా, సోమరిగా, పిరికివాడిగా, చాడీకోరుగా, వ్యభిచారిగా బతికే స్వేచ్ఛ ఉంది, సొంతంగా ఆలోచించే స్వేచ్ఛ మాత్రం లేదు. ఆలోచన పైకి చెప్పలేనప్పుడు లోపలే పుండవుతుంది. తిరుగుబాటు అంతా రహస్యంగా చేసేవాడికి ఆ రహస్యమే రోగమవుతుంది. పదిహేనేళ్ళు అలా బతికిన మనిషి ఫ్లోరీ. పక్కకు తిప్పి దాచుకునే ఆ చెంప అతని ముఖానికే కాదు, మనసుకు కూడా ఉంది.

తర్వాత అతను ధైర్యం కూడదీసుకుంటాడు. సమావేశంలో లేచి డాక్టరు పేరు ప్రతిపాదిస్తాడు. అంతలో ఘటనలు ఒకదాన్నొకటి తోసుకొస్తాయి. ఊ పో చిన్ పుట్టించిన దొంగ తిరుగుబాటులో అటవీ అధికారి మాక్స్‌వెల్ ఒక పల్లెవాసిని కాల్చి చంపాడు. చచ్చినవాడి బంధువులు మాక్స్‌వెల్‌ను నరికి చంపుతారు. ఆ కసితో ఎల్లిస్ దారిన పోయే బడిపిల్లవాడి కళ్ళ మీద బెత్తంతో కొడతాడు. నాటు వైద్యుడి మందుతో పిల్లవాడి చూపు పోతుంది. జనం క్లబ్బును చుట్టుముడతారు. ఫ్లోరీ ఐరావతిలోకి దూకి ఈదుకుంటూ వెళ్ళి పోలీసులను తీసుకొస్తాడు. అబద్ధపు తిరుగుబాటు నిజమైన చావుకూ, నిజమైన కోపం చివరికి క్లబ్బు రక్షణకూ దారితీసిన తీరు చూడండి. క్లబ్బును అసహ్యించుకునేవాడే దాన్ని కాపాడి, ఆ పూటకు వీరుడయ్యాడు. కాల్పులు జరిపే ఆ పోలీసులు భారతీయులు. ఒక పాలిత ప్రజను ఇంకో పాలిత ప్రజతో అణచే ఏర్పాటు మీద ఆర్వెల్ వ్యాఖ్యానం చెయ్యడు. అది ఆ లోకంలో గాలీ నీరూ అంత మామూలు.

స్త్రీల విషయంలో నవల అంత లోతుకు పోదు, అయినా చెప్పినంత మేరకు కఠినంగా చెబుతుంది. ఫ్లోరీ తన బర్మా ఉంపుడుగత్తె మా హ్లా మేను ఆమె తల్లిదండ్రుల దగ్గర 300 రూపాయలకు కొన్నాడు. పెళ్ళి చేసుకోదగిన తెల్లపిల్ల ఎలిజబెత్ ఊళ్ళోకి రాగానే ఆమెను గెంటేస్తాడు. బజారునూ, బర్మా నాట్యాన్నీ ఎలిజబెత్‌కు చూపించి మెప్పు పొందాలనుకుంటాడు. ఆమెకు అవి రోత. వేటలో చిరుతను చంపినప్పుడు మాత్రం అతను ఆమెకు నచ్చుతాడు. ఆ తోలును బహుమతిగా ఇద్దామని జైల్లో శుభ్రం చెయ్యమని ఇస్తే, సరిగ్గా ఊనక పాడై కంపుకొడుతూ తిరిగివస్తుంది. చివరికి చర్చిలో, ప్రార్థన మధ్యలో, ఊ పో చిన్ ఉసిగొల్పగా మా హ్లా మే లోపలికి దూసుకొచ్చి, అందరి ముందూ బట్టలు చింపుకుంటూ తనకు రావలసిన డబ్బు అడుగుతుంది. ఆ క్షణాన ఎలిజబెత్ చూసింది ఫ్లోరీ చేసిన పనిని కాదు, పాలిపోయిన ముఖం మీద మెరుస్తున్న పుట్టుమచ్చను. దాన్ని ఆమె క్షమించలేకపోయింది. ఆ మధ్యాహ్నమే ఫ్లోరీ తన కుక్కను కాల్చి, తనను తాను కాల్చుకుంటాడు. చచ్చాక మచ్చ వెలిసిపోయి, బూడిదరంగు మరకలా మిగిలిందని రాస్తాడు ఆర్వెల్. అతను దాచుకోవడానికి ఇక ఏమీ లేకపోయాకే అది చెరిగింది.

ఈ నవల చూడనివి కూడా ఉన్నాయి. వాటిని చెప్పకపోతే దీన్ని పొగడడం సరికాదు. ఆర్వెల్ వలస లోకాన్ని క్లబ్బు కిటికీలోంచి చూశాడు. కిటికీ మురికిని అతను చూపించినంత నిజాయితీగా చూపినవాళ్ళు తక్కువ, అయినా కిటికీ కిటికీయే. బర్మా జాతీయోద్యమం అతని పుటల్లో పెడసరం బడిపిల్లలుగా, చిల్లర పత్రికగా మాత్రమే కనపడుతుంది. పనివాళ్ళకు పేర్లున్నా మనసులోకి దారి లేదు. భారతీయ కూలీలు దూరంగా కదిలే నీడలు. ఆ నీడల్లో మనవాళ్ళున్నారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని ‘రంగం’ (రంగూన్) వెళ్ళినవాళ్ళు రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను దించారు. సమ్మె తీరగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ మంట దొమ్మీగా మారి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇద్దరినీ తక్కువ కూలికి పోటీపెట్టిన ఓడల యజమానుల మీదకు ఎవరూ వెళ్ళలేదు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల గుండా నడిచి రావడం, 1960లలో మిగిలినవాళ్ళు ఓడల్లో తిరిగి రావడం, విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట వెలవడం, ఇదంతా ఆ కిటికీకి అవతలి కథ. ఆ కథకు తగిన నవల మన భాషలోనే రావాలి. క్లబ్బు బట్లరు ఇంటికి వెళ్ళి, తన భాషలో, ఐసు గురించి ఏమన్నాడో అందులో ఉండాలి.

ఆర్వెల్ తన పాత్రల్లో ఎవరికీ ఊరట మిగల్చలేదు. మా హ్లా మే మాండలేలో ఒక వేశ్యాగృహం చేరింది. ఎలిజబెత్ డిప్యూటీ కమిషనరును పెళ్ళాడి, నౌకర్లు వణికే పెద్ద దొరసాని అయింది. ఊ పో చిన్‌కు క్లబ్బులో కుర్చీ దక్కింది, గవర్నర్ దర్బారులో గౌరవమూ దక్కింది. పాపాలు కడుక్కోవడానికి కడతానన్న పగోడాల్లో ఒక్కదానికీ పునాది పడకముందే ప్రాణం పోయింది. అండగా నిలిచిన తెల్ల స్నేహితుడు పోయాక వీరాస్వామిని ఎవరూ కాపాడలేదు. హోదా తగ్గించి, జీతం తగ్గించి మాండలే ఆసుపత్రికి బదిలీ చేశారు. అక్కడ అతను ఒక సామాన్యమైన క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బుకు గర్వకారణం ఒక్కటే, అందులో ఒక తెల్ల సభ్యుడున్నాడు. తాగుడు వల్ల నదీ స్టీమర్ల కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకుని, ఒక గ్యారేజీ పెట్టుకుని అంతంతమాత్రంగా బతుకుతున్న స్కాట్లాండ్ మనిషి అతను. తెల్లవాడు మూర్ఖుడు కాగలడని డాక్టరు ఎన్నడూ నమ్మడు కనుక, దాదాపు ప్రతి సాయంత్రమూ అతన్ని గంభీరమైన చర్చలోకి దించాలని చూస్తూనే ఉంటాడు.